రాబర్టుకి పెట్టిన పిండం

“ఆపండప్పా! పిండం పెట్టొద్దండి! ఆ సచ్చిపోయినాయన నాకూ సొంతోడే!”

వీధి చివర నుంచి కేక. చూస్తే మా వీధి టైలరు మునిరత్నం. మెడలో టేపు, చేతిలో పాస్‌బుక్కు, సైకిలు తిప్పుకొని వస్తా ఉండాడు. నేనేమో నున్నటి గుండుతో, తడిపంచెతో, ఇంటి పక్క ఖాళీ జాగాలో అన్నం ముద్ద పట్టుకొని కూర్చోనుండాను.

నవ్వొద్దండి, మొదట్నుంచి చెప్తాను. చంద్రగిరికి ఇంటర్నెట్టు కొత్తగా వచ్చిన రోజులవి. నాది మోటార్లు వైండింగు చేసే షాపు. ఒక కంపెనీ వాళ్ళు రేట్ల లిస్టు మెయిల్లో పంపిస్తామంటే నెట్ సెంటర్లో ఐడీ చేయించుకున్నాను. లిస్టు రాలేదు. రాబర్టు వచ్చినాడు.

యాడో పరాయి దేశంలో ఎవురో బ్యాంకు మేనేజరంట, మెయిలు రాసినాడు. వాళ్ళ కస్టమరు రాబర్టు బెంజిమన్ విమానం కూలి సచ్చిపోయినాడంట. నా అనేవాళ్ళు ఎవురూ లేరంట. ‘మీరు వారసుడిగా నిలబడండి, ఆస్తిలో సగం మీకు. పాస్‌బుక్ నంబరు, సంతకం పంపండి. అర్జెంటు. ఎవరికీ చెప్పొద్దు.’ నాది పదో తరగతి ఇంగ్లీషు. నాకే ఇంత అర్థమయిందంటే ఎంత బాగా రాసినాడో చూడండి!

ఎవరికీ చెప్పొద్దన్నాడు గదా, మా ఇంటామె సరోజకి మాత్రమే చెప్పినాను. ఆమె ఆస్తి ఎంతని అడగలేదు.

“పిల్లోళ్ళు గూడా లేరా పాపం? మరి కర్మ ఎవురు చేసినారు?”

“మెయిల్లో రాయలేదు.”

“ఆస్తి తినేవాడే గదా చెయ్యాల? ముందు ఆయనకొక ముద్ద పెట్టు.”

“ఆయన తెల్లోడమ్మే!”

“తెల్లోడైతే ఆకలి కాదా?”

కర్మ అయ్యేదాకా ఇచ్చేది లేదని పాస్‌బుక్కు బియ్యం డబ్బాలో దాచేసింది. దాంట్లో ఉండేది ఇంటికి స్లాబు వేసుకునేదానికి ఏండ్ల తరబడి కూడబెట్టిన దుడ్డు.

సరే, పొద్దున్నే గుండు చేయించుకున్నాను. సరోజ వడలు, పాయసం చేసింది. అయ్యోరు వచ్చి గోత్రం అడిగినాడు.

“మెయిల్లో రాయలేదు సామీ.”

“తెలీకపోతే కాశ్యప గోత్రమే,” అని మొదలుపెట్టినాడు. ఆయనది పెద్ద గొంతు. “కాశ్యప గోత్రస్య, రాబర్టు బెంజిమన్ నామధేయస్య” అని వీధంతా వినపడేట్టు మూడుసార్లు చదివినాడు. అప్పుడే సైకిలు మీద పోతా ఉన్న మునిరత్నానికి ఆ పేరు చెవిన పడింది. వీధి చివరికి పోయినాక తలకెక్కింది. అదీ ఆ కేక.

“అన్నా, ఆయన విమానం కూలి పోయినాడా?”

“అవునప్పా.”

“ఎవురికీ చెప్పొద్దన్నారా?”

“అన్నారు. నీకెట్ల తెలుసు?”

జేబులోంచి కాగితం తీసినాడు. అదే మెయిలు! అక్షరం గూడా తేడా లేదు.

“నేనొక్కణ్ణే వారసుణ్ణి అనుకొని నంబరు పంపేదానికి నెట్ సెంటరుకి పోతా ఉండానన్నా!”

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. అయ్యోరు దర్భలు కింద పెట్టి నిదానంగా అన్నాడు: “ఇద్దరికీ ఒకే ఆస్తి, ఇద్దరికీ ఎవురికీ చెప్పొద్దనే మాట! ఆయన ఎట్ల సచ్చినాడని కాదప్పా, అసలు పుట్టినాడా అని అడగాల.”

మునిరత్నం కాగితాన్ని నాలుగు ముక్కలు చేసినాడు. పాస్‌బుక్కును మాత్రం చొక్కా లోపలికి దోపుకున్నాడు. సరోజ ఇంట్లోకి పోయి బియ్యం డబ్బా మూత గట్టిగా నొక్కిన చప్పుడు వినిపించింది. నేను మళ్ళీ పాస్‌బుక్కు అడగలేదు.

“మరి ఆ వడలొదినా?” అన్నాడు మునిరత్నం.

“పుట్టనోడు తింటాడా? కూర్చోండి,” అని ఆమె ఆకులేసింది.

అందరం కూర్చున్నాం. వాసనకి ఎదురింటి మునెమ్మవ్వ వచ్చింది. నా గుండు చూసి, “ఏమప్పా, కొండకి పోయొచ్చినావా? లడ్డు యాడ?” అనింది.

సరోజే అవ్వకి ఆకేసి వడ పెట్టింది. “ఈసారికి వడేనవ్వా. కూసో.”

అవ్వ కొరికి చూసింది. “శానా బాగుండాది. మళ్ళెప్పుడు పోతావప్పా?”

నేను తల దించుకొని పాయసం తాగినాను. తల దించితే గుండే ముందు కనపడుతుందని, అందరూ నవ్వినాక గానీ తెలియలేదు.