నాలుగో పేజీ దాకా

పదకొండేళ్లుగా నన్ను అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు. ఎవరైనా ఒక్కసారి గట్టిగా తిట్టి ఉంటే ఈ కథల గొడవ ఎప్పుడో వదిలేసి, మధ్యాహ్నం పూట హాయిగా నిద్రపోయేదాన్ని.

నేను గోదావరిఖనిలో ఒక గని మీద ల్యాంప్ రూంలో పనిచేస్తాను. మా నాయిన మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. దిగేవాళ్లకు టోపీకి పెట్టుకునే లైట్లు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని ఛార్జింగ్‌కు పెట్టడం నా పని. మేం గనిని బాయి అంటాం. రోజూ దాని ముందే కూర్చుంటాను గానీ ఒక్కరోజు కూడా లోపలికి దిగలేదు. మొదటి షిఫ్టు మూడింటికి అయిపోతుంది. ఇంటికొచ్చి, అంట్లు తోమి, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేలోపు దొరికే గంటలో కథలు రాస్తాను. సగం రోజులు నోట్‌బుక్ మీదే కునుకు పడుతుంది.

మెచ్చుకోవడంలో మాత్రం ఎవరూ పిసినారితనం చూపలేదు. హైదరాబాద్ నుంచి ఒక పత్రిక ఎడిటర్ గారు స్వయంగా ఫోన్ చేసి, "మీలో మంచి కథకురాలు ఉందమ్మా, రాస్తూ ఉండండి" అన్నారు. ఆ కథ మాత్రం వేసుకోలేదు. ఆఫీసర్ల క్వార్టర్స్‌లో ఉండే ఇంజినీరు గారి భార్య, కోస్తా వైపు ఆవిడ, నా కథ చదివి "మీ యాస ఎంత ముద్దుగా ఉందో!" అని రెండుసార్లు అంది. కథలో ఏం జరిగిందని అడిగితే చెప్పగలిగేది కాదేమో. మా ఆయనకు చదివి వినిపిస్తే, "మంచిగున్నది. చాయ్ పెడ్తవా?" అంటాడు. తిరగని ఫ్యాను కింద కూర్చోబెట్టి, కాసేపట్లో గాలి వస్తుందిలే అన్నట్టు ఉండేది ఈ వరస అంతా.

పోయిన వేసవిలో ఒక కథ రాశాను. బాయిలో బండ కూలి ఒక పనివాడు లోపల ఇరుక్కుపోయే కథ. ఎనిమిది పేజీలు. అది నాకే నచ్చింది, అలా నచ్చడం అరుదు. చౌరస్తాలో ప్రింట్ తీయించి మా సపోర్ట్‌మన్ అన్నకు ఇచ్చాను. లోపల పైకప్పు కూలకుండా బోల్టులు, దిమ్మలు బిగించడం ఆయన పని. ముప్పై ఏళ్లకు పైగా దిగుతున్నాడు, మా నాయినతో కూడా చేశాడు. క్యాంటీన్‌లో మిర్చి చుట్టిచ్చిన పేపరు ముక్కను కూడా విప్పి చదివే మనిషి. ఆయనకు ముఖస్తుతి చేతకాదని నా నమ్మకం.

షిఫ్టు అయ్యి లైటు అప్పగించినప్పుడు కాగితాలు చేతిలో పెట్టాను. స్నానానికి కూడా పోకుండా అక్కడే బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాడు. లైట్లు సర్దుతూ పదిసార్లు కిటికీలోంచి తొంగిచూశాను. కాసేపటికి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది.

మర్నాడు పొద్దున దిగే ముందు కాగితాలు తిరిగి ఇచ్చాడు. "మస్తున్నది చెల్లె. నువ్వు రాయి, ఇడువకు" అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇల్లలకగానే పండుగ కాదు కదా. షిఫ్టు అయ్యాక కాగితాలు తిరగేశాను. పేజీల అంచున బొగ్గు వేలిముద్రలు. ఒకటో పేజీ, రెండు, మూడు, నాలుగు. ఐదో పేజీ నుంచి చివరిదాకా ప్రింట్ తీయించిన రోజు ఎంత తెల్లగా ఉన్నాయో అంతే తెల్లగా ఉన్నాయి. నాలుగో పేజీ చివర బండ కూలుతుంది. అంటే కథ అసలు మొదలయ్యే చోటే ఆయన లేచి వెళ్లిపోయాడు. విసుగొచ్చి ఉంటుంది. మొహమాటానికి మస్తున్నది అన్నాడు.

ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. నోట్‌బుక్ తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. మూడు నెలలు ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ మూడు నెలలూ ఒళ్లు కాస్త తేరుకుంది. ఆయన మీద కోపం మాత్రం పోలేదు. లైటు ఇచ్చేటప్పుడు మొహం చూసేదాన్ని కాదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున, లైను పలచబడ్డాక, ఆయనే అడిగాడు.

"ఏం చెల్లె, కొత్తది ఏమన్న రాస్తున్నవా?"

"ఎవల కోసం రాయాలె అన్నా? నువ్వే నాలుగో పేజీ కాడ ఆపేస్తివి. నీ బొగ్గు చేతుల ముద్రలే చెప్తున్నయ్. నచ్చకుంటే నచ్చలేదని చెప్పరాదు?"

ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"నచ్చక కాదు చెల్లె. కూలే ముందు పైన చిటచిట అన్నదని రాసినవ్ గద, గా చప్పుడు నాకు సక్కగ ఇనొచ్చింది. పొద్దుగాల మళ్ల నేను దిగాలె. గదంత సదివి దిగుడు నాతోని కాదనిపించింది. మీ నాయిన చెప్పలేదా? దిగేటోని ముందట గది మాట్లాడరు."

చెప్పకపోవడమేమిటి. మా ఇంట్లో అది కట్టుబాటు. నాయిన డ్యూటీకి బయల్దేరుతుంటే ఎవరికో జ్వరమని కూడా అనేవాళ్లం కాదు. టీవీలో ప్రమాదం వార్త వస్తే అమ్మ గబుక్కున కట్టేసేది. అంత తెలిసిన దాన్ని, రోజూ దిగే మనిషి చేతిలో బండ కూలే కథ పెట్టాను. పైగా చదవలేదని మూడు నెలలు మూతి ముడుచుకున్నాను. కథ పిచ్చిలో కళ్లు మూసుకుపోయాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

చెప్పుకోకూడదు గానీ, ఆ సిగ్గు అడుగున సంతోషం కూడా ఉంది. పదకొండేళ్లలో మొదటిసారి నా మాట ఒక మనిషికి తగిలింది. ఇది తెలిసి సంతోషించినందుకు ఇంకా సిగ్గేసింది.

"మిగిలింది రిటైరైనంక సదువుత. దాచిపెట్టు" అని లైటు తీసుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"గానీ ఒక్కటి చెప్పు. ఆయన పైకొస్తడా?"

నా కథలో ఆ పనివాడు పైకి రాడు. ఆరో పేజీలో చనిపోతాడు. ఆ చావు కోసమే కథంతా రాశాను. ఆ ఒక్క పేరాకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది, ఎవరు చెప్పినా అందులో ఒక్క మాట మార్చనని అనుకున్నాను కూడా.

"వస్తడన్నా" అన్నాను.

"గట్లనా. మంచిగైంది" అన్నాడు. లైటు అరచేతి మీద వేసి చూసుకుని దిగడానికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే నోట్‌బుక్ తీశాను. ఆరో పేజీ కొట్టేశాను. రెస్క్యూ వాళ్లను పంపాను, వాళ్లు ఎటు నుంచి తవ్వుకుంటూ వస్తారో నాకే తెలియలేదు. పనివాణ్ణి ఒక సందులోంచి పాకించాను. అలాంటి సందు అక్కడ ఉండదని నాయిన చెప్పాడు, ఎందుకడుగుతున్నావని మాత్రం నన్ను అడగలేదు. ఒకసారి దేవుణ్ణి కూడా పిలిచి, సిగ్గేసి ఆ కాగితం చింపేశాను. ఎడిటర్ గారినైతే ఎలాగోలా ఒప్పించవచ్చు. ఈ అన్న ముప్పై ఏళ్లు బండల కింద నిలబడ్డ మనిషి, దొంగ బోల్టు ఒక్కటి బిగించినా పట్టుకుంటాడు.

ఇప్పటికి ఏడుసార్లు రాశాను. షిఫ్టు, వంట, ఆ ఒక్క గంట. కళ్లు మండుతాయి, నడుము నొప్పి, పడుకుందామంటే పడుకోలేను. ఆయన రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిది నెలలుంది. రోజూ దిగుతున్నాడు, రోజూ వచ్చి లైటు అప్పగిస్తున్నాడు, కథ మాట ఎత్తడం లేదు. వస్తడన్న నా మాట నమ్మాడు. కథలోవాడేమో ఇంకా బండ కిందే ఉన్నాడు.