గెడ్డలో ఒక్క పిలుపు

మొన్న పార్వతీపురంలో మా బడిలో వక్తృత్వ పోటీ పెట్టి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. పుస్తకం మనిషి నమ్మకాన్ని మారుస్తుందా అన్నది విషయం. మారుస్తుందని పిల్లలంతా బల్ల గుద్ది మరీ చెప్పారు. అందరికంటే గట్టిగా గుద్దినవాడికి మొదటి బహుమతి ఇచ్చి ఇంటికొచ్చాను గానీ, అప్పట్నుంచీ మా పెదనాన్న మనసులోంచి కదలడం లేదు.

మాది అనంతగిరి పైన కాఫీ తోటల మధ్య చిన్న ఊరు. పెదనాన్న మా ఊరి దిసారి. విత్తనం చల్లాలన్నా పెళ్లి చెయ్యాలన్నా ఆయన మంచిరోజు చెప్పాల్సిందే. ఊరి కింద పారే గెడ్డ సంగతిలో మరీ గట్టివాడు. జ్వరం మనిషి మూడు రోజులు గెడ్డ దాటకూడదు. దాటేటప్పుడు వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తిరిగి చూడకూడదు. మనిషైతే మళ్లీ పిలుస్తాడు, గెడ్డలో ఉన్నది ఒక్కసారే పిలుస్తుంది. ఉగ్గుపాలతో అబ్బిన చదువు మాకిది. ఇంట్లో ఆడపిల్లలం కాబట్టి నన్నూ చెల్లినీ ఆయన 'గుంటా' అనే పిలిచేవాడు.

నేను టీచర్ ట్రైనింగ్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు చెల్లికి చలిజ్వరం తగిలింది. రెండో రోజుకి మాట తడబడింది. అయినా పెదనాన్న ససేమిరా కదలనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయి, నా ఆరోగ్యం పుస్తకం తెచ్చి, దోమ దగ్గర్నుంచి మెదడుకెక్కే జ్వరం దాకా ఆయన ముందు గడగడా చదివేశాను. చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు.

"ఇది రాసినోడు మన గెడ్డ సూసినాడేటే?"

"లేదు పెదనాన్నా."

"సూడకుండానే మన గుంటకేటయిందో సెప్పినాడంటే, ఆడే పెద్ద దిసారి," అని లేచాడు. "బేగి డోలీ కట్టండిరా!"

అన్నలిద్దరూ డోలీ ఎత్తారు. వెనక నేను, నా వెనక పెదనాన్న. మధ్యాహ్నమే అయినా మంచు దిగి, ముందున్న డోలీ కూడా మసకగా ఉంది. నేను అవతలి గట్టు ఎక్కానో లేదో, నీళ్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగినట్టనిపించింది. అప్పుడు వినిపించింది.

"గుంటా!"

పెదనాన్న గొంతే. కానీ నోట్లోంచి కాక నీళ్లలోంచి వచ్చినట్టుంది. ఒళ్లు జలదరించింది. ఆగాను. రెండో పిలుపు రాలేదు. అమ్మ బాబోయ్ అనుకుని, తిరిగి చూడకుండా పరుగున వెళ్లి డోలీని అందుకున్నాను.

రోడ్డు మీద అంబులెన్స్ దగ్గర చూసుకుంటే పెదనాన్న లేడు. నేను చెల్లితో ఎక్కాను, అన్నలు వెనక్కి పరుగెత్తారు. రెండు బండల మధ్య కాలు ఇరుక్కుని, ఎముక విరిగి, నడుం లోతు నీళ్లలో కూర్చుని ఉన్నాడట.

చెల్లి బతికింది. ఆయన కాలు మళ్లీ కుదరలేదు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఇంకోసారి ఎందుకు పిలవలేదని ఏడ్చాను.

"పుస్తకం సదివినదానివి, ఒక్క పిలుపుకే తిరుగుతావనుకున్నానే. తిరగలేదు. మళ్లీ పిలిస్తే డోలీ ఆగిపోద్దని ఊరుకున్నాను."

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా మూడు రోజుల మాట ఎత్తలేదు, కుంటుకుంటూ వచ్చి తనే డోలీ కట్టించేవాడు. నేను మాత్రం, ఇంతమంది పిల్లలకు ఇన్ని పాఠాలు చెప్పాక కూడా, వెనక ఎవరైనా పిలిస్తే రెండో పిలుపు దాకా పలకను. మారడానికి ఆయనకి ఒక్క మధ్యాహ్నం చాలింది. నాకు పదిహేనేళ్లు చాలలేదు.