వాగు తన దారి తాను తవ్వుకున్న ఏళ్లు

మొన్న ఇందల్వాయి నుంచి సిరికొండ పోతుంటే వంతెన మీద బస్సు కాసేపు ఆగింది. కింద మా ఊరి వాగు ఎర్రగా, ఒద్దికగా తన రెండు గట్ల మధ్యనే పోతున్నది. పక్క సీటులోని అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తలేదు. నేను మాత్రం బస్సు కదిలేదాకా మెడ చాపి చూస్తూనే ఉన్నాను. వాగు గట్ల మధ్య పోవడం కూడా ఒక వింతేనా అంటే, మా తోడికోడలిని ఎరిగినవాళ్లకు వింతే.

నేనామెను అక్కా అని పిలిచేదాన్ని. నేను కాపురానికి వచ్చిన ఏడే, అరవైల మొదట్లో, విడవని ముసురుకు మా పసుపు చేనుకు ఎగువన గుట్ట ఒక పక్క విరిగి వాగులో పడింది. తెల్లవారి పోయి చూస్తే చేను లేదు. మోకాలి లోతు ఇసుక, దాని మీద పడుకున్న ఎడ్లంతేసి బండలు. వాగుకు ఒక దారంటూ లేక, పాయలు పాయలుగా చేనంతా తిరుగుతున్నది. నలిగిన పసుపు ఆకుల ఘాటు ముక్కుకు కొట్టింది. అక్క భర్త, అంటే మా బావ, వాగుకు అడ్డంగా రాతిగోడ కట్టించాడు. మరుసటి ఏడు మొదటి వరదకే అది అప్పడంలా విరిగింది. ఆ తర్వాత ఆయన అలిగాడు. అందులో ఆయనకు మంచి అనుభవం ఉండేది.

"బోధన్ పోదాం. చెరుకు నరుక్కుంట బతుకుదాం. గీ ఇసుకల ఏం మొలుస్తది?" అంటూ మూట కట్టాడు.

అక్క కదల్లేదు. "గుట్ట ఒక్కపారి కూలింది. రోజు కూలుతదా? పైకెల్లి కొత్త ఇసుక రాకుంటే వాగు ఉన్నదాన్నే తోడుకపోతది. ఎగువకు వొచ్చి సూడు, అప్పుడే లోతు పడుతున్నది."

బావ పోయి చూసి వచ్చి మూట విప్పాడు. అలక మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచుకున్నాడు.

వాగులోని పెద్ద బండల జోలికి అక్క ఎవరినీ పోనివ్వలేదు. చేనులోని రాళ్లను ఏరి అంచు పొడుగునా కట్ట పోయించింది. ఎండకాలమంతా ఇసుకను తట్టలకెత్తి వాగులో పోసేవాళ్లం, వానకాలం అది తీసుకుపోయేది. ఏటేటా వాగు కొంత దిగింది. బండలు ఒకదానికొకటి ఒరిగి మెట్లలా కుదురుకున్నాయి. నీళ్లు వాటి మీదుగా దూకి కింద గుంటలు తవ్వుకున్నాయి. నా నెత్తిన జుట్టు పలచబడింది ఆ తట్టల వల్లేనని ఇప్పటికీ అంటుంటాను. చివరికి మట్టి బయటపడింది. పసుపు పెట్టాం.

అది మోకాలెత్తు ఎదిగిన శ్రావణంలో, పట్టపగలు, గుట్ట మళ్లీ విరిగింది. ఆ చప్పుడుకు ఊరంతా కట్ట మీదికి ఉరికింది. బురదా రాళ్లూ దూసుకొచ్చి మొదటి మెట్టు కింది గుంటలో పడ్డాయి. అది నిండాక రెండోదాంట్లోకి దూకాయి. ప్రతి గుంటా కొన్ని రాళ్లను పట్టుకుంది. మా చేను దాకా వచ్చేసరికి మిగిలింది ఎర్రనీళ్లే, అవీ గట్టుకు జానెడు కిందుగా.

"పోయింది! పోయింది!" అని బావ గంతులేశాడు.

చేనే పోయిందనుకొని నేను కట్ట దిగి ఉరకబోయాను. అక్క నవ్వుతూ నా భుజం పట్టుకుంది. "చేను గాదు చెల్లె, వరద పోయింది! మన చేను మనకున్నది, సూడు!"

ఆ ఏడు పసుపు ఉడికిన వాసన మా చీరలను వదల్లేదు. నిజామాబాద్ గంజు మార్కెట్‌కు మొదటి బండి బావే తోలాడు. ఈ చేనును వదలొద్దని పట్టుబట్టింది తానేనని దారి పొడుగునా అందరికీ చెప్పుకున్నాడట. అక్క కాదనలేదు. చేను పోవడానికి ఒక్క పూట పట్టింది, తిరిగి రావడానికి మా పడుచుతనమంతా పట్టింది. అయినా ఆ ఏళ్లను పోయినవాటిలో నేనెప్పుడూ కలపలేదు.