రాక్షసి పక్కన రాసిన మాట

నిన్న విత్తనపు వేరుశనగ బుడ్డలు చాటలో పోసి చెరుగుతుంటే, గింజల గలగలలో ఒక గట్టి చప్పుడు వేరుగా వినిపించింది. రాయేమోనని వేలితో కదిపితే పాచిక. బోలెడన్ని మొహాలున్న ఎర్ర పాచిక. విత్తనాల డబ్బాలో దాన్ని దాచుకున్నది నేనే. అది వసుంధర టీచరమ్మది. కళ్యాణదుర్గం బడిలో పనిచేస్తూ మా ఇంటి ముందు గదిలో బాడుగకుండేది. తర్వాత నల్లమాడకు బదిలీ అయింది, అక్కడే జబ్బు చేసి పోయింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముని కూతురు రాస్తోంది. నేను కోపంగా చెప్పిన మాటను మెత్తగా రాయొద్దని దానికి ముందే చెప్పాను.

ఆమె గది అడగడానికి వచ్చిన రోజే వీధిలోవాళ్ళు చెవిలో వేశారట, మొగుడు పోయినామె ఇల్లు, పొద్దున లేస్తే ఆమె మొహమే ఎదురవుతుందని. అయినా సామాను దించుకుంది. ఎవరైనా పనికి బయలుదేరే వేళకు తలుపు చాటుకు తప్పుకోవడం నాకు అప్పటికే అలవాటు. ఎవరూ చెప్పకుండానే ఒళ్ళు తప్పుకునేది. రెండోరోజే ఆమె వాకిట్లో నిలబడి పిలిచింది.

"అక్కా, తాళం నీ చేతికిచ్చి పోవాల. నువ్వు దాక్కుంటే నేను ఎవరికియ్యల్ల?"

ఎవరైనా నన్ను ఎదురు రమ్మని పిలవడం మొగుడు పోయాక అదే మొదలు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ గదిలో ఒక ఆట నడిచేది. కాగితం మీద చేత్తో గీసిన కొండలు, గుహలు. టీచరమ్మ కథ చెబుతుంది. బడిలో తోటివాళ్ళు ముగ్గురు వచ్చి ఒకరు వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ అయిపోయి, ఏం చేయదలిచారో నోటితో చెబుతారు. అనుకున్నది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. దారిలో ఎదురయ్యే రాక్షసులకు ఒక లావుపాటి పుస్తకం ఉంది. ప్రతి పేరు పక్కనా దాని గుణం రాసి ఉంటుంది. మంచిది, చెడ్డది, రెండూ కానిది. అది కథలోకి అడుగు పెట్టకముందే రాసేసిన గుణం. నేను గోడకానుకుని కాయలు వొలుచుకుంటూ వినేదాన్ని.

ఒక ఆదివారం ఆమెకు గొంతు పట్టేసింది. "అక్కా, ఈ పొద్దు రాక్షసి మాట నువ్వు మాట్లాడు. గుహలో ఉండావు, వీళ్ళు వస్తాండారు. నీకేం తోస్తే అది చెప్పు" అంది. నేను నిజంగానే ఆలోచనలో పడ్డాను. ఈ ఎండల దేశంలో గుహలో ఏముంటుంది, ఆమె దేనికి కాపలా కాస్తుంది అని. ఇంకా నోరు తెరవలేదు, వ్యాయామం నేర్పే రామాంజనేయులు సారు పుస్తకం తిప్పి చూశాడు.

"చెడ్డది అని రాసుండాది. కత్తి దూసినా" అని పాచిక వేశాడు. నేను చచ్చాను. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. "ఏమప్పా సారూ, ఒక్క మాట అడక్కుండానే నరికితివే."

"అడిగేదేముందమ్మా, రాసుండాది కదా."

"ఎవరు రాసినారు? గుహలోకొచ్చి చూసి రాసినారా?"

"ఇది ఆటమ్మా. ప్రతి రాక్షసినీ కూచోబెట్టి కష్టసుఖాలు అడిగితే, నేను గుహ దాటేలోపల రిటైరైపోతా."

టీచరమ్మ బొంగురు గొంతుతోనే కల్పించుకుంది. "ఆ రాసిన మాట పనికొస్తాది సార్, కాదనను. ఆట జోరుగా పోతాది. కానీ ఎవరికి పనికొస్తాది? కత్తి పట్టుకున్నోనికి. గుహలో ఉండేదానికి కాదు." తర్వాత నా వైపు తిరిగింది. "లోపల ఏం పెట్టుకున్నావక్కా?"

"బిడ్డలు. వాళ్ళకు దోసెడు నీళ్ళు."

సారు నవ్వు తగ్గింది. "ముందే చెప్పచ్చు కదమ్మా."

"చెప్పనిస్తివా?"

వాళ్ళు వెళ్ళిపోయాక నేనే ఆమెతో వాదానికి దిగాను. నా కోపం నాదే అయినా, పామును పాము అనకపోతే బతికేదెట్లా, కరిచేది కరుస్తుంది కదా అన్నాను. ఆమె కాగితాలు మడుస్తూ చెప్పింది. "కరుస్తాదని చెప్పు. తొక్కితే కరుస్తాదని చెప్పు. అప్పుడు కాలు చూసి పెడతాం. చెడ్డది అంటే ఏం తెలిసిందక్కా? కట్టె వెతకల్లని తెలిసింది, అంతే." ఆ తర్వాత ఆ ఇంట్లో ఆట పద్ధతి మారింది. ఏ రాక్షసి వచ్చినా కత్తి తీసే ముందు రెండు అడగాలి. దీనికేం కావాలి, దీనికి దేనికి భయం.

ఆ ఏడు వాన పడగానే విత్తడానికి గొర్రు సిద్ధం చేశారు. మా వైపు గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి గింజ ముత్తైదువ చేత వేయిస్తారు. ఆ చేను నా మొగుని పాలు. ఆ విత్తనం గింజగింజా ఏరి వొలిచింది నా వేళ్ళు. వొలిచేటప్పుడు లేని దోషం వేసేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. మా మరిది నారాయణ వాకిట్లోకి వచ్చి, నా మొహం చూడకుండా చెప్పాడు.

"వదినా, ఈ పొద్దు నువ్వు చేను దిక్కు రావద్దు. మా ఇంటామె వేస్తాది."

టీచరమ్మ గది గుమ్మంలోనే ఉంది. నా తరఫున మాట్లాడుతుందేమోనని చూశాను. గొంతు పట్టిన నాడు చూసినట్టే, ఇప్పుడు నీ వంతు అన్నట్టు నన్ను చూసింది.

"నా పక్కన ఏం రాసుండాది నారాయణా? ఎవరు రాసినారో చెప్పు, పోయి అడుగుతా" అన్నాను. నేను చాట చంకన పెట్టుకుని చేనికి నడిచాను. మొదటి గింజ నేనే వేశాను.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. పైరు మాడింది. ఊరంతా నా పేరే. మా గట్టుకు అవతలి చేలల్లో ముత్తైదువలు వేసిన గింజలూ మాడాయి కదా, వాళ్ళ పక్కన ఎవరూ ఏ మాటా రాయలేదేం? ఇది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మండినప్పుడల్లా మరిది పేరు పక్కన 'చెడ్డవాడు' అని రాసేయాలనిపిస్తుంది. అప్పుడు ఆమె బొంగురు గొంతు అడ్డమొస్తుంది. వాడికేం కావాలి? నాలుగు చినుకులు. దేనికి భయం? ఆకాశానికి. దానితో కొట్లాడలేక నా మీదికి వచ్చాడు. అందుకని రాయను.

ఈ ఏడు మబ్బు పట్టింది. మరిది మళ్ళీ వాకిట్లోకి వస్తాడు. కూర్చోమని మజ్జిగ ఇస్తాను. విత్తనాల చాట మాత్రం ఇవ్వను.