సార్ పేరు పక్కన పచ్చచుక్క

మాకు వ్యాయామం నేర్పిన పీడీ సార్ పోయారని పుంగనూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేసేటప్పటికి, కుప్పంలో మేమంతా యూనివర్సిటీ గ్రౌండులో నడుస్తున్నాం. నా ఫోన్‌లో నడక యాప్ తెరిచే ఉంది. ఎవరు నడుస్తుంటే వాళ్ల పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. సార్ పేరు పక్కన కూడా వెలుగుతోంది.

ఆ యాప్ మా చేత పెట్టించింది ఆయనే. మొదట్లో పతకాల కోసం, ర్యాంకుల కోసం ఎగబడి నడిచాం. ఆ సరదా తొందరగానే తీరిపోయింది. ఆ తర్వాత మమ్మల్ని మంచం మీంచి లేపింది సార్ ఫోనే. చుక్క వెలగకపోతే చాలు, "యాల రాలేదమ్మా? ఒళ్లు బాగుండాదా?" అని అడిగేవారు.

మా క్లాసు అబ్బాయి ఒకడు సెలవుల్లో ఫోన్‌ని దూడ మెడకు కట్టి మేతకు తోలాడు. మ్యాపులో దారి చేలల్లో తిరగడం చూసి సార్ పట్టేశారు. తిట్టలేదు. "దూడ బలంగా ఉంటాదిలేప్పా. నీ సంగతేంది?" అన్నారు.

"పతకం ఎన్నాళ్లు నడిపిస్తాదమ్మా? మనకోసం ఒకరు సూస్తాండారంటేనే కాళ్లు కదుల్తాయి" అనేవారు. నా మటుకు నాకు అది నిజం. ఆయన అడక్కపోతే నేను దుప్పటి తీసేదాన్ని కాదు.

పోయిన నెల సార్ సెలవు పెట్టి పుంగనూరు వెళ్లారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చుక్క మాత్రం రోజూ మాకంటే ముందే వెలిగేది. మ్యాపులో ఆయన దారి రోడ్డు వదిలేసి, చర్చి వెనక సమాధుల తోటలో తిరిగి తిరిగి వచ్చేది. చూస్తే గుబులుగా ఉండేది. నడుస్తున్నారు కదా, బాగానే ఉన్నారులే అని సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ తోటలోనే ఆయన్ని సమాధి చేశాం. ఇంటికొచ్చాక ఆయన భార్య దొడ్లో దూడను చూపించారు. దాని మెడలో గుడ్డ సంచి, సంచిలో సార్ ఫోన్. మోగితే బెదురుతుందని సౌండు తీసేశారట.

"మదనపల్లె ఆసుపత్రిలో మంచం దిగొద్దన్నారమ్మా. నా సుక్క ఆరిపోతే పిల్లోళ్లు నడిసేది మానేస్తారని ఈయనే కట్టించె. మీకు సెప్పద్దనె. పోయే ముందర కూడా, దూడను తోలినావా అనే అడిగె."

నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు గ్రౌండులో అందరం చేరాం గానీ, ఎవరి కాళ్లూ కదల్లేదు. ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డాం. అంతలో సార్ పేరు పక్కన చుక్క వెలిగింది. నడవడం మొదలుపెట్టాం. మ్యాపులో ఆ చుక్క మెల్లగా ఇల్లు వదిలి, వీధి దాటి, సమాధుల తోట దాకా పోయి ఆగింది. ఎంతసేపటికీ అక్కణ్ణుంచి కదల్లేదు.