తూము కాడి కావలి

మొన్న సూర్యాపేట బస్సు కోసం కోదాడల ఆగి హోటల్ల చాయ్ తాగుతున్న. టీవీల ఒకాయన సరిహద్దు పటం మీద కర్ర పెట్టి, యుద్ధం తానే గెలిపిస్తనన్నట్టు ఊగిపోతుండు. ఏసీ గదిల కూసొని మంచుకొండలు ఎక్కుడు ఎంత సులువో! నాకు మా చిన్నమామ యాదికొచ్చిండు. అమ్మకు తమ్ముడు, మిలట్రీల చేసినోడు. సెలవు మీద నేరేడుచర్ల పక్కన మా అమ్మమ్మోళ్ల ఊరికి వచ్చిండంటే, ఆయన బూట్లు సూడనీకే సగం వాడ మా వాకిట్ల ఉండేది.

ఒక సెలవుల ఉన్నప్పుడే ఆయనను మంచుకొండల సరిహద్దుకు వేసిన్రు. అమ్మమ్మ పోనియ్యనని మొండికేసింది. "గడ్డిపరక మొలవని కొండకు కావలెందుకురా? ఎవడెత్తుకపోతడు?" అని ఒకటే పోరు. మామకు పాఠం చెప్పే పిచ్చి జర ఎక్కువ. ఎడారిల అయితే ట్యాంకులు ఉరుకుతయి, సముద్రం కాడ ఓడలు తిరుగుతయి, కొండల్ల మాత్రం పైన ఎవడు కూసుంటే కింది లోయ, రోడ్డు వాని చేతుల ఉంటయి, అందుకే గాడ మనిషి ఉండాల్సిందే అని చెప్పిండు. అమ్మమ్మ ఊ కొట్టలే. ఇగ మామ సాగర్ కాలువను పట్టుకొచ్చిండు. మావి కాలువ చివరి పొలాలు. వంతు నీళ్లొచ్చినప్పుడు పైన తూము కాడ మనోడు కావలి లేకుంటే, ఎగువోళ్లు నీళ్లు మలుపుకుంటరు, మా మడికి బురద గూడ రాదు. గా కొండ దేశానికి తూము లెక్కనే అమ్మా అన్నడు.

ఆ మాట అమ్మమ్మకు బాగ అర్థమైంది. గదే కొంప ముంచింది. ఒక ఎండకారు తూము కాడ పారలతోటి కొట్టుకున్నరు, అండ్ల ముందుగాల పగిలింది కావలున్న మా తాత తలనే. "గట్లయితే ఏ లొల్లయినా ముందు నీ మీదికే వస్తది గద బిడ్డా" అన్నది.  ఆమె అన్నది నిజమేనాయె.

సెలవు ఖతమైంది. ఆపలేనని తెలిసి, అమ్మమ్మ అప్పాల డబ్బా పట్టుకొని, నన్ను ఎంటబెట్టుకొని మిర్యాలగూడ స్టేషన్ దాక తనే వచ్చింది. రైలు కదులుతుంటే కిటికీ ఊచ ఇడువకుంట, "గాడ ఒక్కనివే నిలబడకు కొడుకా, పక్కకు ఎవర్నన్న పెట్టుకో" అన్నది. నాకు ఏడుపు ఆగలే, ఆమె మాత్రం ఏడ్వలే.

మామ అన్ని సరిహద్దులు తిరిగి, పింఛను తీసుకొని, పాణంతోటి ఇంటికొచ్చిండు. అప్పటికి అమ్మమ్మ లేదు. కొండ యాడికీ పోదు, దాని మీద కావలోళ్లు ఒకరెనక ఒకరు మారుతనే ఉంటరు. కొడుకు దిగొచ్చేదాక ఆగనీకి ఆ తల్లికే కాలం సాలలే.