దేవదాస్ బిగించిన తాళం

మల్లాపూర్ దేవదాస్ నా చిన్నప్పటి దోస్తు. జగిత్యాలలో నా మొబైల్ షాపు పైగదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాడు. ఇంజనీర్లు రాసిన ప్రోగ్రాములను తనంతట తానే కూర్చి, పరీక్షించి, బయటికి పంపే సర్వర్ ఒకటి వాడి చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో అందులోకి దూరేవాళ్ళు. ఇకమీదట ఎవరి ఆఫీసు మెయిల్‌తో వాళ్ళే రావాలట. క్లౌడ్‌లో కంపెనీ సిబ్బంది డైరెక్టరీ ఉంది. అందులో పేరుంటేనే సర్వర్ తలుపు తీస్తుంది. ఆ రెంటినీ కలిపే పని మావాడికే అప్పజెప్పారు.

చిక్కల్లా ఒకటే. వాడు కంపెనీ ఉద్యోగి కాదు, ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పెట్టుకున్న మనిషి; ఆ డైరెక్టరీలో వాడి పేరు లేదు.

"గీ పని అయిందంటే నేనే బయట పడ్తరా," అన్నాడు మెట్ల మీద కూలబడి.

"అయితే చెయ్యకు."

"చెయ్యకుంటే ఇయ్యాల్నే తీసేస్తరు."

తన పేరు కూడా ఎక్కించమని మేనేజరు హరిప్రసాద్‌ను అడిగితే, "ముందు పని కానివ్వు, తర్వాత చూద్దాం" అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. ఆ పాత పాస్‌వర్డ్‌ను తీసేయకుండా, ఎవరికీ తెలియకుండా తన కోసం ఉంచుకొమ్మన్నాను.

"దొరికితే దొంగ అంటరు. మా అవ్వ జిందగంత మంది పొలాలల్ల కైకిలి చేసింది, గా మాట ఎన్నడు పడలె," అన్నాడు.

అప్పుడే వాళ్ళమ్మ దేవవ్వ ఫోన్ చేసింది. "కొడుకా, పని మంచిగ నడుస్తుందా?"

"మంచిగనే ఉన్నదే అవ్వా," అని పెట్టేశాడు. వాడి మొహం చూడలేక నేను షాపులోకి దిగిపోయాను.

శుక్రవారం మళ్ళీ పైకి వెళ్ళాను. ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అని అందరి హక్కులూ వాడే రాస్తున్నాడు. రాయడం అయ్యాక పాత పాస్‌వర్డ్ తీసేసి సేవ్ నొక్కాడు. హైదరాబాద్‌లో ఒక్కొక్కరే లోపలికి వచ్చామని ఫోన్‌లో చెబుతున్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి.

"దేవదాస్, నువ్వూ ఒకసారి ట్రై చెయ్," అన్నాడు హరిప్రసాద్.

వాడు తన మెయిల్ కొట్టాడు. అనుమతి లేదని తెర మీద పడింది.

"నాకు వస్తలేదు సార్."

"సూపర్! అంటే కరెక్ట్‌గా పనిచేస్తోందన్న మాట."